చిట్టా పట్టుకెళ్తేనే... సలహా!

వ్యాపారం పెడతామని నోరు జారితే చాలు, సలహాలకు కొదవుండదు. పెద్దమావయ్య ఒకటంటాడు. పక్కింటాయన ఇంకోటంటాడు. పెళ్లి భోజనాల దగ్గర కలిసిన దూరపు చుట్టం మరోటి చెబుతాడు. అన్నీ ఉచితమే! కానీ వాటిని నమ్మి పెట్టే డబ్బు మాత్రం ఇంటిదే... ఒక్కోసారి ఇల్లాలి మెడలోదే. మరి అక్కరకొచ్చే సలహా ఎవరిస్తారు? దాన్ని రాబట్టుకోవడం ఎలా?

ఒక ఇల్లాలుందనుకుందాం. ఊరు కాకినాడ కావచ్చు, కరీంనగర్ కావచ్చు. ఆమె చేతి ఆవకాయంటే వీధి వీధంతా పడి చస్తుంది. మొదట్లో ఇంటి దగ్గరే నెలకు 100 కిలోలు అమ్మింది. అందరూ బాగుందనేసరికి ధైర్యమొచ్చింది. ఊళ్లోని కిరాణా షాపులకూ వేయడం మొదలుపెట్టింది. అమ్మకం 100 కిలోల నుంచి 400 కిలోలకు పెరిగింది. ఇంట్లో క్షణం తీరిక లేదు. పిల్లల చదువు దగ్గర కూర్చోవడానికి కూడా కుదరడం లేదు. అయినా నెలాఖరుకి చేతిలో డబ్బు ఆడటం లేదు!

‘పెట్టుబడి చాల్లేదు, అందుకే ఇలా’ అనుకుంది. అయిదు లక్షలు లోను తీసుకుందామనీ, ఈలోపు నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెడదామనీ నిర్ణయించుకుంది. ఎందుకైనా మంచిదని, ఆ బజార్లోనే ముప్ఫయ్యేళ్లు హోల్‌సేల్ కొట్టు నడిపి కొడుక్కి అప్పగించిన పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

‘‘బాబాయ్ గారూ, అయిదు లక్షలు లోను తీసుకోమంటారా?’’

‘‘తీసుకుందువుగానిలే అమ్మా. ముందు ఒకటి చెప్పు. కిలోకి నీకెంత మిగులుతోంది?’’

‘‘90 రూపాయలండీ. కిలో 300కి అమ్ముతున్నా. కాయలూ నూనే కారం ఆవపిండీ అన్నీ కలిపి 210 అవుతోంది.’’

‘‘షాపువాడికెంత?’’

‘‘నూటికి ఇరవై.’’

‘‘డబ్బా, లేబులూ?’’

‘‘18 రూపాయలు.’’

‘‘కాయలు కొట్టేవాళ్లకీ, సాయానికొచ్చే మనిషికీ?’’

‘‘కిలోకి ఓ 15 పడుతుందేమోనండీ...’’

‘‘ఆ కాగితం తీసుకుని రాయమ్మా.’’

రాసింది. సరుకు 210, డబ్బా 18, కూలీ 15... మొత్తం 243. ఇంటి దగ్గర అమ్మితే 300లో 57 మిగులుతోంది. షాపుకి వేస్తే వాళ్ల వాటా 60 పోనూ చేతికొచ్చేది 240. అంటే కిలోకి 3 రూపాయలు ఎదురు పెడుతోందన్నమాట! ఇంటి దగ్గర 100 కిలోల మీద వచ్చే 5,700 రూపాయల్లోంచి, షాపుల్లో 300 కిలోల మీద 900 పోతోంది. అమ్మకం నాలుగింతలైంది... మిగులు 4,800కి తగ్గింది. ఇందులో ఆమె సొంత కష్టానికి కూలీ కలపనేలేదు.

అయిదు లక్షల లోను తెచ్చి అమ్మకాన్ని ఇంకా పెంచి ఉంటే? నష్టం కూడా అంతకంతకూ పెరిగేది. దానికి తోడు వడ్డీ!

ఇక్కడ గమనించాల్సిందేంటంటే... ఆ పెద్దాయన లోను తీసుకోవద్దనలేదు. తీసుకోమనీ అనలేదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబే చెప్పలేదు. ఆమె అడగాల్సిన ప్రశ్నను ఆమె చేతే అడిగించాడు. ఈ ఇల్లాలూ ఆ పెద్దాయనా ఉదాహరణకు చెప్పుకున్నవాళ్లే అయినా, చిన్న వ్యాపారాల్లో ఇది ఇంటింటి కథ. ఇలా దారి చూపించే మనిషినే ఇంగ్లిషులో ‘మెంటార్’ అంటారు. మన భాషలో చెప్పాలంటే... వ్యాపారానికో పెద్దదిక్కు.

కాకినాడ నేర్పిన పాఠం

చిన్న వ్యాపారికి వెన్నుతట్టే మనిషి ఉంటే ఏమవుతుందన్న విషయం మీద ప్రపంచమంతా చెప్పుకునే ప్రయోగాల్లో ఒకటి మన తెలుగు గడ్డ మీదే జరిగింది. 1960లలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెల్లండ్ కాకినాడను ఎంచుకున్నాడు. ఆ ఊరి వ్యాపారుల్లో కొందరిని హైదరాబాద్ తీసుకొచ్చి ప్రత్యేక శిక్షణ ఇప్పించాడు. ఆ శిక్షణ జరిగిన ‘సియెట్’ అనే సంస్థే నేడు యూసుఫ్‌గూడలో ఉన్న ‘నిమ్స్‌మే’... సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల జాతీయ సంస్థ.

ఆ శిక్షణలో ఎవరికీ డబ్బివ్వలేదు. యంత్రాలివ్వలేదు. ‘నువ్వు ఏం సాధించాలనుకుంటున్నావు? ఎప్పటికి? అడ్డొచ్చేదేంటి? ఎవరి సాయం కావాలి?’ అంటూ ఆలోచించడం నేర్పారు. ఊరికెళ్లాక వాళ్లు ఏం చేశారో తర్వాత కొన్నేళ్లపాటు గమనించారు. శిక్షణకు రానివారితో పోలిస్తే వచ్చినవారు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో చురుగ్గా ఉన్నట్టు తేలింది. ఆ వివరాలతో మెక్‌క్లెల్లండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకం తెచ్చారు. కులాచారాలూ కట్టుబాట్లూ చిన్న పట్టణాల వ్యాపారుల్ని ఎదగనివ్వవన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. అది నిజం కాదని నిరూపించింది గోదావరి జిల్లా వ్యాపారులే!

మెక్‌క్లెల్లండ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది రింగులాట. మేకుకు రింగు వేయాలి. ఎంత దూరం నుంచి వేస్తారో మీ ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు. గెలుపు ఖాయం, గొప్పేమీ ఉండదు. కొందరు ఎక్కడో గోడ దగ్గర్నుంచి విసురుతారు. పడితే అదృష్టం! సాధించాలన్న పట్టుదల గలవాళ్లు మాత్రం మధ్యలో నిలబడతారు. కాస్త కష్టపడితే అందే దూరమన్నమాట. ‘ఈ నెలలో నేను ఏ దూరంలో నిలబడాలి?’ అన్న సంగతి తేల్చుకోవడానికే చిన్న వ్యాపారికి పెద్దదిక్కు కావాలి.

క్లాసు కన్నా పొరుగు కొట్టు మేలు

సలహా ఎవరు చెబితే పనిచేస్తుంది? పెద్ద చదువులు చదివిన నిపుణులా, పక్క వీధిలోని పాత వ్యాపారా? కెన్యా రాజధాని నైరోబీలో డండోరా అనే పేదల వాడ ఉంది. అక్కడ చిన్నచిన్న కొట్లు నడుపుకునే మహిళలతో ముగ్గురు అమెరికా ఆర్థికవేత్తలు దీన్నే పరీక్షించారు. కొందరికి వ్యాపార పాఠాలు చెప్పించారు. మరికొందరికి అదే వాడలో ఏళ్ల తరబడి వ్యాపారం చేసి నిలదొక్కుకున్న మహిళను తోడిచ్చారు. కలిసి మాట్లాడుకోమన్నారు, అంతే.

2018లో అచ్చయిన ఫలితాలు ఆశ్చర్యపరుస్తాయి. క్లాసులకెళ్లినవాళ్లు లెక్కలు రాయడంలాంటి పద్ధతులు నేర్చుకున్నారు. లాభం మాత్రం పెరగలేదు. పెద్దదిక్కు దొరికినవాళ్లకు లాభం సగటున 20 శాతం పెరిగింది. ఏమిటా మంత్రం? పెద్ద రహస్యమేం కాదు. ‘సరుకు అక్కడ కొనకు, ఇక్కడ కొను. చవగ్గా వస్తుంది’... ఇలాంటి కబుర్లే! ఏ పుస్తకంలోనూ దొరకని, ఆ బజారుకి మాత్రమే చెందిన సమాచారం.

అయితే దీనికో కొసమెరుపు ఉంది. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయిన కొద్దీ ఆ లాభమూ కరిగిపోయింది. ధరలు మారతాయి, సరుకిచ్చేవాళ్లు మారతారు. నిరుడు చెప్పిన మాట ఈ ఏటికి పనికిరాకపోవచ్చు. సలహా అంటే ఒకసారి వేయించుకుంటే సరిపోయే టీకా కాదు, రోజూ తోడుకోవాల్సిన పెరుగు లాంటిది!

అలాగని చదువుకున్నవాళ్ల మాట పనికిరాదని కాదు. డొమినికన్ రిపబ్లిక్‌లో చిరు వ్యాపారుల మీద జరిపి 2014లో వెల్లడించిన మరో అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్పింది. పద్దుల శాస్త్రమంతా నూరిపోస్తే పెద్దగా ఫలితం లేదు. ‘ఇంటి డబ్బూ, వ్యాపారం డబ్బూ కలపొద్దు’ లాంటి సులువైన సూత్రాలు చెబితే మాత్రం మార్పు వచ్చింది. చెప్పేదెవరైనా... రేపు పొద్దున కొట్టు తీయగానే చేయగలిగేలా ఉండాలి. అదీ అసలు సంగతి.

ఎవరి తలుపు తట్టాలి?

మన ఆవకాయ ఇల్లాలికి బజార్లో పెద్దాయన దొరికాడు. అందరికీ దొరకకపోవచ్చు. అలాంటివాళ్ల కోసమే కొన్ని సంస్థలున్నాయి.

అమెరికాలో 1964 నుంచీ ‘స్కోర్’ అనే సంస్థ ఉంది. పదవీ విరమణ చేసిన అధికారులూ, అనుభవం ఉన్న వ్యాపారులూ కొత్తవాళ్లకు ఉచితంగా సలహాలిస్తారు. మన దేశంలో 1992లో మొదలైన భారతీయ యువశక్తి ట్రస్టుదీ ఇలాంటి బాటే. మాజీ రాష్ట్రపతి ఆర్.వెంకట్రామన్ కుమార్తె లక్ష్మీ వెంకటేశన్ దీన్ని స్థాపించారు. జె.ఆర్.డి.టాటా తొలి ఛైర్మన్. వ్యాపారం పెట్టే యువతకు మెంటార్‌ను జత చేయడం ఈ ట్రస్టు ప్రత్యేకత.

తెలుగు రాష్ట్రాల విషయానికొస్తే... మహిళా పారిశ్రామికవేత్తల కోసం 1993లో ‘ఎలీప్’ ఏర్పాటైంది. హైదరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వం 2015లో అంకుర సంస్థల కోసం టీ-హబ్‌ను, 2018లో మహిళల కోసం వీ-హబ్‌ను ప్రారంభించింది. జిల్లాల్లో ఉండేవారికి జిల్లా పరిశ్రమల కేంద్రం ఉండనే ఉంది. గ్రామీణ యువతకు బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి. వీటిని ‘ఆర్‌శెటి’లు అంటారు. శిక్షణ అయ్యాక కూడా కొంతకాలం వెన్నంటి ఉండి బాగోగులు చూడటం వీటి విధానంలో భాగం. చాలామంది శిక్షణ పత్రం చేతికి రాగానే అటువైపు వెళ్లడం మానేస్తారు. అసలు అవసరం అప్పుడే మొదలవుతుంది!

ఒక్కరే అన్నీ చెప్పగలరనుకోవడమూ పొరపాటే. సరుకు ఎక్కడ కొనాలో బజారు పెద్దాయనకు తెలుస్తుంది. పన్ను సంగతి ఆడిటరుకు తెలుస్తుంది. 2015లో మొదలైన ముద్ర పథకం కింద తాకట్టు లేకుండా రుణాలిస్తారన్న సంగతి బ్యాంకు మేనేజరు చెప్పాలి. గొలుసు తాకట్టు పెట్టకముందే అడిగితే ఆ మాటకు విలువ!

షాపులవాళ్లు ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ బాకీ నానబెడుతున్నారనుకోండి. ఉద్యమ్ పోర్టల్లో నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 2006 నాటి చట్టం అండగా ఉంది. కొన్నవాళ్లు ముందుగా రాసుకున్న గడువులోగా డబ్బివ్వాలి. ఎంత రాసుకున్నా ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఉద్యమ్ నమోదుకు ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు. అయితే చట్టం ఉంది కదాని షాపువాడి మీదికి వెళితే రేపు సరుకు వేయించుకుంటాడా? ఇది మాత్రం ఆడిటరు చెప్పలేడు. బజార్లో తలపండినవాడే చెప్పాలి.

వెళ్లేముందు సంచీలో ఏముండాలి?

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత చీటీలూ, పరీక్షల కాగితాలూ పట్టుకెళ్తాం. వ్యాపారానికి సలహా అడగబోతూ మాత్రం చేతులూపుకుంటూ వెళ్తాం. ‘వ్యాపారం ఎలా పెంచుకోవాలండీ?’ అని అడిగితే, ‘కష్టపడమ్మా, నాణ్యత ముఖ్యం’ అనే జవాబే వస్తుంది. తప్పు పెద్దాయనది కాదు. ప్రశ్నే అలా ఉంది!

* మూడు నెలల చిట్టా: వచ్చిందెంత, పోయిందెంత, ఎవరు బాకీ, ఎవరికి బాకీ. చక్కని దస్తూరీ అక్కర్లేదు, నిజం ఉంటే చాలు.

* ఒక వస్తువు లెక్క: కిలో పచ్చడి, జత జాకెట్టు, ప్లేటు ఇడ్లీ... ఏదైనా ఒక్కదాని మీద పైసా పైసా ఖర్చు. మీ కూలీ కూడా రాయండి.

* ఒకే ప్రశ్న: ‘ఏం చేయమంటారు?’ అని కాదు. ‘షాపులకు వేయడం ఆపాలా, ధర పెంచాలా?’ అని.

* చేసి చూసినవి: ఇప్పటికే ఏం ప్రయత్నించారు, ఏమైంది? చెబితే ఇద్దరికీ సమయం కలిసొస్తుంది.

* హద్దు: ఎంత డబ్బు పోయినా ఇల్లు గడుస్తుందో ముందే ఇంట్లో మాట్లాడుకుని వెళ్లండి. అది తెలియకపోతే ఎంతటివాడైనా సరైన సలహా ఇవ్వలేడు.

అన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది... చేదు నిజం దాచకుండా చెప్పడం. పరువు పోతుందని అప్పులు దాచేవాళ్లూ, వడ్డీకి తెచ్చిన డబ్బును ‘సొంత పెట్టుబడి’ అని చెప్పేవాళ్లూ ఎందరో. సగం లెక్క చూపిస్తే సగం సలహానే వస్తుంది. అది మొత్తం మునిగేలా కూడా చేయొచ్చు.

విన్నాక ఏం చేయాలి?

పెద్దాయన చెప్పాడు కదాని మర్నాడే మొత్తం మార్చేయకూడదు. ఆయన తన రోజుల్లో, తన బజార్లో చూసింది చెబుతాడు. ఫోన్లోనే డబ్బు చెల్లించి, ఇంటికే సరుకు తెప్పించుకునే రోజులు ఆయన కొట్టు నడిపినప్పుడు లేకపోవచ్చు. అందుకే ‘ఇలా ఎందుకంటున్నారు? మీకెప్పుడైనా ఇలా జరిగిందా?’ అని అడగాలి. కారణం తెలిస్తే, అది మీకు వర్తిస్తుందో లేదో మీకే అర్థమవుతుంది.

తర్వాత చిన్న ఎత్తున చేసి చూడాలి. ఆరు షాపులుంటే రెండింట్లో, నెల రోజులు. ఫలితం రాసుకుని మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాలి. ‘మీరు చెప్పినట్టే చేశానండీ, ఇదిగో లెక్క’ అంటే ఎంతటి పెద్దమనిషికైనా ముచ్చటేస్తుంది. రెండోసారి ఇంకాస్త మనసుపెట్టి చెబుతాడు. నెలకోసారి, గంటసేపు, అదే మనిషితో... ఏడాది సాగితే అంతకు మించిన పెట్టుబడి లేదు. ఆయన సమయానికి విలువిచ్చి చెప్పిన వేళకు వెళ్లడం, చెప్పిన వేళకు లేవడం మన బాధ్యత.

ఇద్దరు ఇద్దరకాలుగా చెబితే? తికమక పడక్కర్లేదు. ఇద్దరి మాటకూ ఆధారమైన లెక్కేంటో అడగండి. ఎవరి లెక్క మీ చిట్టాకు దగ్గరగా ఉందో చూసుకోండి. చివరి నిర్ణయం మాత్రం మీదే. ఎందుకంటే బాకీ కాగితం మీద సంతకం మీది!

వీళ్లతో జాగ్రత్త

సలహా పేరుతో వల వేసేవాళ్లూ ఉంటారు. లోను ఇప్పిస్తానని ముందే కమిషన్ అడిగేవాళ్లు... ఫలానా యంత్రమే కొనమని ఒకే కంపెనీ పేరు పదేపదే చెప్పేవాళ్లు... ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టమనేవాళ్లు... చిట్టా చూడకుండానే ‘కోట్లు సంపాదించొచ్చు’ అనేవాళ్లు... వీళ్లు మెంటార్లు కాదు, బేరగాళ్లు. ‘నా నిర్ణయం వల్ల ఈయనకేం వస్తుంది?’ అని ఒక్కసారి మనసులో అనుకుంటే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది.

తియ్యగా మాట్లాడేవాళ్లే కాదు, మనం వినాలనుకున్నదే చెప్పే ఆత్మీయులూ ప్రమాదమే. ‘నీ ఆవకాయకి తిరుగులేదే వదినా’ అన్న మాట ప్రేమతో వచ్చిందే. కానీ దానితో షాపువాడి కమిషన్ తీరదు కదా!

గొలుసు మెడలోనే ఉంది

మళ్లీ మన ఇల్లాలి దగ్గరికొద్దాం. లెక్క రాసిన కాగితం చూసి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చాకిరీ నష్టానికా! పెద్దాయన ఓదార్చలేదు. ‘‘నీ పచ్చడి బాగోలేదా?’’ అనడిగాడు. ‘‘బాగుందండీ.’’ ‘‘మరింకేం? లెక్కే కదా బాగోలేనిది. అది దిద్దుకోవచ్చు.’’

ఇద్దరూ కూర్చుని మూడు దారులు రాశారు. ఒకటి, షాపులకు వేసే డబ్బా ధర 340 చేయడం. నూటికి ఇరవై చొప్పున 68 పోయినా, ఖర్చు 243 తీసేస్తే 29 మిగులుతుంది. రెండోది, చిల్లరగా కొంటున్న కారం బదులు, మిరప కోతల కాలంలో గుంటూరు నుంచి ఒకేసారి మిరపకాయలు తెప్పించుకోవడం... నూనె డబ్బాల లెక్కన కొనడం. దాంతో సరుకు ఖర్చు 210 నుంచి 185కి దిగితే, పాత ధరకే షాపుల్లో 22 మిగులుతుంది. మూడోది, షాపులు తగ్గించి ఇంటి దగ్గర అమ్మకాన్నే పెంచుకోవడం. ఏది ఎంచుకోవాలో ఆయన చెప్పలేదు.

ఆమె రెండు షాపుల్లో ధర పెంచి చూడాలనుకుంది. ఒకాయన వద్దన్నాడు, ఒకాయన సరేనన్నాడు. వద్దన్నచోట ఆపేసింది. మిరపకాయల కోసం మాత్రం ఎంత డబ్బు కావాలో లెక్క వేసుకుంది. అయిదు లక్షలు అక్కర్లేదు. అందులో పదో వంతు చాలు!

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఆమె చేసిన మొదటి పని... పిల్లాడి పాత నోట్సులో మిగిలిన తెల్ల కాగితాలు చింపి దారంతో కుట్టడం. పైన తేదీ వేసింది. ఎడమ పక్క ‘వచ్చింది’, కుడి పక్క ‘పోయింది’ అని రాసింది. వచ్చే నెల మొదటి ఆదివారం బాబాయ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సింది అదే మరి.

గొలుసు మెడలోనే ఉంది.